రాయి నుంచి రాయికి అరవై సెకన్లు

ఈ పొద్దున సోల్డరింగ్ ఐరన్ మొనను పేస్టు డబ్బాలో ముంచగానే సన్నటి తెల్ల పొగ లేచి ముక్కుకు తగిలింది. సాంబ్రాణికీ మాడిన బెల్లానికీ మధ్య ఎక్కడో ఉండే వాసన అది. రోజూ పీల్చేదే, కొత్తేమీ కాదు. కానీ ఇవాళ నా ఎదురుగా డాష్‌బోర్డు విప్పిన పాత కారు ఉంది, పక్కన బల్ల మీద దానికి అమర్చాల్సిన కొత్త మోడల్ మీటరు ఉంది. ఆ రెంటి మధ్య ఈ పొగ లేచేసరికి వెనక స్టూలు మీద ఎవరో కూర్చుని టీ జుర్రుతున్నట్టు అనిపించింది. వెనక్కి తిరిగి చూశాను కూడా. ఎవరూ లేరు. మస్తాన్ బాబాయ్ పోయి మూడేళ్లవుతోంది. ఆయన స్టూలు మాత్రం అక్కడే ఉంది, దాని మీద నేను ఎవర్నీ కూర్చోనివ్వను. మీరాయన్ని చూడలేదు గనక చెబుతాను.

నరసరావుపేటలో పల్నాడు రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఆయనది. కార్లకీ జీపులకీ వైరింగు, లైట్లు, మీటర్లు బాగుచేసేవాడు. సన్నటి మనిషి, నెరిసిన గడ్డం, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక టెస్టరు, ఎడమ చేతికి ఎర్ర సెకన్ల ముల్లున్న పెద్ద గడియారం. ఆయనకొక పద్ధతి ఉండేది. ఏ బండి మీటరైనా విప్పితే, అది అప్పటిదాకా ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఆ అంకెను డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే చట్రం మీద తెల్ల పెయింటుతో రాసేవాడు. కింద తేదీ, దాని పక్కన ‘మ’ అని ఒక్క అక్షరం. రాయించుకోవడం ఇష్టంలేని వాళ్లని ‘పోయిరా నాయనా’ అని నవ్వుతూ పంపించేవాడు. పాత కార్లు కొని అమ్మే ఒకాయన ఒకసారి వచ్చి చెవిలో చెప్పినట్టుగా అడిగాడు.

“మస్తానన్నా, బండి లక్షా నలభై వేలు తిరిగింది. మీటరు అరవై వేలకి దించవా?”

“దించుతా, దానికేముంది” అన్నాడు బాబాయ్. “ముందు నువ్వు బండిని రివర్సు గేర్లో ఎనభై వేల కిలోమీటర్లు నడుపుకొని రా. నువ్వు రాంగానే దించుతా.”

నేను స్పానరు కింద పడేసి మరీ నవ్వాను. ఆ పెద్దమనిషి మళ్లీ మా షెడ్డు వైపు రాలేదు.

నేను ఆయన దగ్గరికి ఎలా వచ్చానో చెప్పాలి. గుంటూరులో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, అక్కడే సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో నాలుగేళ్లు పనిచేశాను. ఆ షాపు మూతపడితే ఇంటికొచ్చేశాను. ఒకరోజు నా స్కూటీ హారన్ మోగక మస్తాన్ బాబాయ్ షెడ్డుకి తీసుకెళ్లాను. మా వీధి మనిషే, చిన్నప్పటి నుంచి బాబాయ్ అనే పిలుస్తాను. ఆయన హారన్ విప్పబోతుంటే ఊరుకోలేక, “హారన్ బానే ఉంది బాబాయ్, స్విచ్ దగ్గర కరెంటు ఆగిపోతోంది చూడు” అన్నాను. నాకు నోరు ఆగదు, అదొక జబ్బు. ఆయన కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, “ఏందమ్మాయ్, నాకే పాఠమా?” అని మల్టీమీటరు నా చేతిలో పెట్టాడు. చూపించాను. తప్పు నేను చెప్పిన చోటే ఉంది. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, “రేపు తొమ్మిదింటికి రా” అన్నాడు. అంతే, అదే నా ఇంటర్వ్యూ.

రెండేళ్లు గడిచాయి. పని వచ్చేసింది, కానీ పేరు రాలేదు. బండి కింద నేను పడుకుని, చేతిలో వైరు పట్టుకుని ఉన్నా సరే, వచ్చినవాడు వంగి నా ముఖం చూసి “బాబాయ్ లేడా?” అనే అడిగేవాడు. ఉన్నాను కదరా నేను, కనపడట్లేదా అని అరవాలనిపించేది. ఒకటి రెండుసార్లు అరిచాను కూడా. ఇంట్లో మా అమ్మది ఇంకో పోరు. “ముప్పయ్యేళ్లొచ్చినయ్. గోళ్ల నిండా నలుపు. మీ మేనమామ చీరల షాపులో కౌంటర్లో చెప్పిచ్చాడు, సోమవారం నుంచి రమ్మన్నారు. చల్లగా ఏసీలో కూర్చోవచ్చు గదే” అంది. నాకు కోపమొచ్చింది. కానీ ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏముంది? మెకానిక్కునని నేను అనుకుంటే సరిపోదు కదా, వచ్చేవాళ్లు అనుకోవాలి.

సరిగ్గా ఆ వారమే, మంగళవారం నాడు, రెంటచింతల నుంచి రోజమ్మ గారు తెల్లటి చిన్నకారు నడుపుకుంటూ వచ్చింది. నర్సుగా రిటైరైన మనిషి. ఊళ్లో అందరికీ నర్సమ్మే. కంటి ఆపరేషన్ అయ్యాక ఆ కారు మీటర్లో ముల్లు ఆమెకు ఆనడం లేదు. అద్దం పచ్చబడిపోయింది, స్పీడు కేబులు మూడు నెలలకోసారి తెగుతోంది. మాచర్లలో ఉన్న కొడుకు కారు అమ్మేయమంటున్నాడు. అదే కారు కొత్త మోడల్లో పెద్ద అంకెలతో వెలిగే మీటరు వస్తుంది కదా, అది దీనికి పెట్టమని ఆమె కోరిక. గుంటూరులో ఒక మెకానిక్ కుదరదని తిప్పి పంపాడట.

“కుదురుద్దమ్మా” అన్నాడు బాబాయ్. నా వైపు గడ్డం ఎగరేసి, “ఈ అమ్మాయి చేస్తది” అన్నాడు.

రోజమ్మ గారు నన్ను పైనుంచి కిందికి చూసింది. “నువ్వు చెయ్యవా మస్తానూ?”

“నాకంటే బాగా చేస్తది. నేను చెయ్యి గూడా పెట్టను.”

ఆమె వెళ్లాక నా మీద పిడుగు వేశాడు. “విను రమా. ఈ బండి నీది. ఆదివారం నర్సమ్మని ఎక్కిచ్చుకొని రెంటచింతల దాకా పోదాం. దారి పొడుగూతా మీటరు నిజం చెప్పిందా, బోర్డు మీద నీ పేరు రాయిస్తా. చెప్పలేదా, సోమవారం చీరల షాపుకి పో, నేను ఆపను.” అమ్మ సంగతి ఆయనకెవరు చెప్పారో నాకు తెలియదు. మా వీధిలో అది పెద్ద విచిత్రం కాదు.

విజయవాడ ఆటోనగర్‌కి వెళ్లి, తుక్కుకి వచ్చిన కొత్త మోడల్ కారు నుంచి తీసిన మీటరు తెచ్చాను. కూర్చోబెట్టడం సులువే, చట్రం దాదాపు ఒకటే. చిక్కంతా లోపల ఉంది. పాత బండిలో గేరుబాక్సు నుంచి ఒక కేబులు తిరుగుతూ వచ్చి స్పీడు ముల్లును తిప్పుతుంది. కొత్త మీటరుకి కేబులు అక్కర్లేదు, ఆగి ఆగి వచ్చే కరెంటు తట్లు కావాలి. చక్రం ఎంత వేగంగా తిరిగితే అన్ని తట్లు. అందుకని గేరుబాక్సు దగ్గర ఒక సెన్సర్ పెట్టి, ఆ తట్లను మీటరుకి తగ్గట్టు లెక్క మార్చే చిన్న సర్క్యూట్ నేనే చేశాను. దాని మీద ఒక చిన్న మర, తిప్పితే లెక్క పెరుగుతుంది, తగ్గుతుంది. సెల్‌ఫోన్ షాపులో నేర్చిన చేతివాటం అక్కడ పనికొచ్చింది.

బుధవారం సాయంత్రానికి లైట్లన్నీ వెలిగాయి, ఎగిరి గంతేశాను. పెట్రోలు బంకుకి వెళ్లి ట్యాంకు నిండా పోయించి చూస్తే మీటరు ‘ఖాళీ’ అని చూపిస్తోంది! షెడ్డుకి తిరిగొచ్చి నేల మీద కూలబడ్డాను, ఏడుపొచ్చింది. కాదు, ఏడ్చాను. బాబాయ్ స్టూలు మీద నుంచి లేవలేదు. టీ జుర్రుతూ, “ట్యాంకులో బెండు సంగతి చూశావా?” అని మాత్రం అన్నాడు. అప్పుడు వెలిగింది. ట్యాంకులో తేలే బెండు పాత బండిలో ఒక రకంగా కరెంటు పంపుతుంది, కొత్త మీటరు దానికి తలకిందులుగా చదువుతుంది. గురువారమంతా ట్యాంకు ఖాళీ చేసి, అయిదేసి లీటర్లు పోస్తూ, ప్రతిసారీ బెండు దగ్గర ఎంత వస్తోందో కొలిచి రాసుకుని, ఆ లెక్కను తిరగేసే ఇంకో సర్క్యూట్ కట్టాను. శుక్రవారం పొద్దున ట్యాంకు నింపితే మీటరు నిండుగా వెలిగింది. బాబాయ్ లేచి వచ్చి చూసి, నాకూ ఒక టీ తెప్పించాడు. ఆయన మెప్పు అంతే ఉండేది.

ఇక మిగిలింది స్పీడు. అప్పట్లో నాది బటన్ల ఫోను, అందులో ఏ మ్యాపులూ లేవు. ఉన్నా బాబాయ్ ఒప్పుకునేవాడు కాదు. ఆయనకి కొలబద్ద అంటే రోడ్డు పక్కన కిలోమీటరు రాయి, చేతికున్న గడియారం. మీటరు అరవై మీద నిలబెట్టి రాయి నుంచి రాయికి పోతే సరిగ్గా అరవై సెకన్లు పట్టాలి. ముప్పయ్యేళ్లుగా ఆయన మీటర్లన్నీ పిడుగురాళ్ల వైపు రోడ్డులో ఒకే చోట సరిచూసేవాడు. మలుపుల్లేని దారి, ఒక పక్క మిరపచేను, ఆ చేను పొడవునా రెండు రాళ్ల మధ్య ఎవరూ అడ్డం రారు. నాకూ అదే చోటు చూపించాడు. శనివారం ఆయన గడియారం అడిగి పెట్టుకుని ఒక్కదాన్నే వెళ్లాను. మర తిప్పుతూ, ఆ రెండు రాళ్ల మధ్య ఏడెనిమిది సార్లు అటూ ఇటూ తిరిగి, అరవై సెకన్లకి తెచ్చాను. ఆ రాత్రి అన్నం తింటూ అమ్మతో, “సోమవారం నేను రానని మామయ్యకి చెప్పెయ్యి” అన్నాను. అంత పొగరు నాకు.

ఆదివారం చర్చిలో పూజ చూసుకుని రోజమ్మ గారు బస్సులో వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఆమె స్టీరింగు ముందు కూర్చుంది, పక్కన నేను, వెనక గడియారంతో బాబాయ్. మీటరు వెలగగానే ఆమె ముఖం కూడా వెలిగింది. “అబ్బ, అంకెలు ఎంతున్నయ్యో! కళ్లజోడు లేకుండా కనపడతన్నయ్” అంది. ఊరు దాటాక అరవై మీద నిలబెట్టింది. మొదటి రాయి దాటింది. రెండో రాయి వచ్చింది.

“అరవై ఎనిమిది” అన్నాడు వెనక నుంచి బాబాయ్.

నర్సమ్మ కాలు కదిలిందేమో అనుకున్నాను. ఇంకో రాయి. మళ్లీ అరవై ఎనిమిది. ఇంకోటి, అదే అరవై ఎనిమిది. అంటే మీటరు అరవై అంటున్నా బండి అంత పోవడం లేదు.

“నేను నలభయ్యేళ్లు జ్వరాలు చూసినదాన్ని” అంది రోజమ్మ గారు రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా. “థర్మామీటరు తప్పు చెప్తే మందు తప్పు పడుద్ది. అందంగా వెలిగితే నాకెందుకమ్మా?” ఆమె తప్పేం అనలేదు. నేను తల వంచుకున్నాను. చీరల షాపు కౌంటరు, దాని వెనక స్టూలు, అన్నీ కళ్లముందు కనిపించాయి.

అంతలో మిరపచేను వచ్చింది. చేను మొదట్లో రాయి, చివర్లో రాయి. “అరవై!” అన్నాడు బాబాయ్. ఆ గొంతులో ఆశ్చర్యం. ఆ తర్వాతి రాయికి, “డెబ్బయ్యారు. నర్సమ్మా, బండి పక్కకి తియ్యి” అన్నాడు. ఆయన దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని రోడ్డును అటు చివర నుంచి ఇటు చివరకి చూశాడు. “ముందు అరవై ఎనిమిది, చేను కాడ అరవై, దాటంగానే డెబ్బయ్యారు. మీటరుకి పిచ్చన్నా పట్టాలి, రాయికి కాళ్లన్నా రావాలి. పదండి, ఆ రాయిని అడుగుదాం.”

వెనక్కి వెళ్లాం. చేను చివర రాయి చుట్టూ మట్టి కొత్తగా ఉంది. దానికి వంద మీటర్ల పైన అవతల, పిడుగురాళ్ల వైపు, చేను పెద్ద గేటు పక్కన, పూడ్చిన గుంట ఒకటి కనిపించింది. మమ్మల్ని చూసి చేను రైతు కండువా దులుపుకుంటూ వచ్చాడు.

“ఈ రాయి జరిపిందెవరు పెద్దాయనా?” అని అడిగాను.

“నేనేనమ్మా” అన్నాడాయన ఏ జంకూ లేకుండా. “రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పీకి పడేసిపోయారు. ఉన్న చోటే పాతితే నా ట్రాక్టరు గేట్లో తిరగదు. అందుకని చానా దూరం ఏం కాదు, ఇటు జరిపి పాతిచ్చా. దాని మీద అంకె నేను చెరపలేదే! రాయి ఎక్కడుంటే ఏంది, మాచర్ల ఉన్న చోటే ఉంటది గదా!”

రోజమ్మ గారు స్టీరింగు మీద తల ఆనించి నవ్వింది. శనివారం నేను కిలోమీటరనుకుని సరిచేసిన దూరం అసలు కిలోమీటరే కాదన్నమాట. నాకు నవ్వాలో ఆ పెద్దాయన్ని కొట్టాలో తెలియలేదు. బాబాయ్ మాత్రం నవ్వలేదు. రాయి మీద చెయ్యి వేసి, కాలితో ఆ కొత్త మట్టిని కదిపి చూశాడు. తర్వాత కారు దగ్గరికొచ్చి రోజమ్మ గారితో చెప్పిన మాట నాకు ఈ క్షణానికీ చెవిలో మోగుతోంది.

“నర్సమ్మా, తప్పు ఈ అమ్మాయిది గాదు. ఈ చోటు చూపిచ్చింది నేను. ఒక్క రాయిని నమ్మి సరిచెయ్యమన్నది నేను. పోయిన నెల అచ్చంపేట జీపు గూడా ఇక్కడే సరిచేశా. ఆ డ్రైవరు వచ్చి మీటరు ఎక్కువ చూపిస్తందంటే, నీకు నడపడం రాదని తిట్టి పంపిచ్చా.” అని నుదురు కొట్టుకున్నాడు. “రేపే అచ్చంపేట బస్సెక్కి పోవాలి.”

ముప్పయ్యేళ్ల పనిమంతుడు, గిరాకీ ముందు, రోడ్డు మీద, తప్పు నాదేనని చెప్పడం నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు. గుంటూరు షాపులో అయితే ఫోను పగిలినా పాపం నాదే అయ్యేది. నాకు ఆ నిమిషంలో ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టలేదు, పెడితే తిట్టేవాడు.

“ఇప్పుడేం చేద్దాం?” అన్నాడు నన్ను చూసి. నాకు చెప్పడం కాదు, నన్నే అడుగుతున్నాడు.

“పది రాళ్లు పోదాం బాబాయ్” అన్నాను. “ఒకటి జరిగినా రెండు జరిగినా పదింట్లో పట్టుబడతయ్.”

పది రాళ్లు లెక్కపెడుతూ పిడుగురాళ్ల సున్నపు బట్టీల దాకా పోయాం. మీటరు మాత్రం పదకొండు దాటి చూపించింది. తెల్లటి సున్నం దుమ్ములో బండి ఆపి, రోజమ్మ గారి బస్సు టికెట్టు వెనక లెక్క కట్టాను. డాష్‌బోర్డు కింద దూరి, ఆ చిన్న మరను వెంట్రుకవాసి తిప్పాను. మళ్లీ బయల్దేరాం. “అరవై ఒకటి” అన్నాడు బాబాయ్. ఆపి ఇంకొంచెం తిప్పాను. తర్వాతి రాయి వచ్చింది.

“అరవై.”

ఇంకో రాయి. “అరవై.” గురజాల వచ్చేసరికి నేను, నర్సమ్మ ఇద్దరం బాబాయ్‌తో కలిసి అరుస్తున్నాం. రాయి దాటడం, ముగ్గురం ఒక్కసారే “అరవై!” అనడం. రోడ్డు మీద గేదెలు తోలుకెళ్లేవాళ్లు మాకేమైందో అన్నట్టు చూశారు. మధ్యలో పది రాళ్లకి మీటరు కూడా పదే చూపించింది. చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. రెంటచింతల ఎండ నిప్పులు చెరుగుతోంది, మాకది వెన్నెల్లాగే ఉంది. ఇంటి ముందు బండి ఆపగానే రోజమ్మ గారు కొడుక్కి ఫోను చేసింది. “ఒరేయ్, కారు అమ్మను. నీక్కావాలంటే నువ్వొకటి కొనుక్కో. ఇది నాది, నాకు బ్రహ్మాండంగా కనపడతంది” అని పెట్టేసింది. తర్వాత నా భుజం పట్టుకుని, “ఈసారి వస్తే నిన్నే అడుగుతానమ్మా” అంది. రెండేళ్లుగా నేను ఎదురుచూసిన మాట అదే. ఆమెకా సంగతి తెలియదు.

బాబాయ్ సంచిలోంచి పెయింటు డబ్బా, కుంచె తీశాడు. తలుపు తెరిచి చట్రం మీద పాత మీటరు చివరి అంకె రాశాడు. కింద, కొత్త మీటరు వేరే బండి నుంచి వచ్చింది గనక అది ఏ అంకె దగ్గర మొదలైందో రాశాడు. ఎవరు చూసినా ఈ బండి అసలెంత తిరిగిందో కూడుకోవచ్చు. తేదీ వేసి, ‘మ’ రాస్తాడనుకున్నాను. కుంచె నా చేతికిచ్చాడు. ‘ర’ అని రాశాను. కుంచె అలవాటు లేక కొంచెం వంకర పోయింది. “ఆరనియ్యి, తాకమాక” అని మాత్రం అన్నాడు.

సోమవారం పొద్దున నేను షెడ్డుకి వెళ్లేసరికి బాబాయ్ లేడు, అచ్చంపేట బస్సెక్కేశాడు. నిచ్చెన మీద పెయింటరు కొత్త బోర్డుకి మేకులు కొడుతున్నాడు. ‘మస్తాన్ – రమ ఆటో ఎలక్ట్రికల్స్’. అక్షరాలు పూర్తిగా ఆరిపోయి ఉన్నాయి.

“ఇంత తొందరగా ఎప్పుడు రాశావన్నా? నిన్న సాయంత్రం దాకా మాకే తెలియదు గదా” అన్నాను.

“నిన్నేంది? బుధవారమే చెప్పాడక్కా మస్తానన్న. శుక్రవారానికే రాయడం అయిపోయింది. సోమవారం కొట్టు, ముందు కొట్టమాక అన్నాడు.”

బుధవారం. అంటే నిండు ట్యాంకును మీటరు ఖాళీ అని చూపించినరోజు, నేను నేల మీద కూర్చుని ఏడ్చినరోజు. నేను ఆ నిచ్చెన పట్టుకుని మళ్లీ ఏడ్చాను. ఈసారి ఏడుపు హాయిగా ఉంది. అమ్మ సాయంత్రం వచ్చి బోర్డు కింద నిలబడి, పేరు రెండుసార్లు చదివి, “అక్షరాలు ఇంకొంచెం పెద్దగా రాయాల్సింది” అంది. చీరల షాపు మాట మళ్లీ ఎత్తలేదు.

బాబాయ్ పోయాక పిన్ని ఆయన గడియారం నాకిచ్చింది. ఎర్ర సెకన్ల ముల్లు ఇంకా తిరుగుతూనే ఉంది. తలుపు చట్రం మీద ‘ర’ రాస్తూనే ఉన్నాను, ఇప్పుడది వంకర పోదు. తప్పు నాదైతే గిరాకీ ముందే నాదని చెబుతాను. నా నోటికి ఆ మాట మొదట్లో చాలా కష్టమయ్యేది. రోజమ్మ గారు ఇప్పటికీ ఆ కారే నడుపుతోంది, షెడ్డు ముందు ఆపి “రమ ఉందా?” అని హారన్ కొడుతుంది.

ఇవాళ్టి బండి పని మధ్యాహ్నానికి అయిపోయింది. దాని యజమాని ఫోను చూపించి, “స్పీడు దీంట్లో చూసుకోవచ్చు గదక్కా, రోడ్డు మీదకి ఎందుకు?” అన్నాడు. “అదీ చూద్దాం, ముందు కూర్చో. పది రాళ్లు పోదాం” అన్నాను. మిరపచేను దగ్గర ఆ రాయి ఇంకా జరిపిన చోటే ఉంది, రైతు ట్రాక్టరు గేట్లో సుబ్బరంగా తిరుగుతోంది. దాటేటప్పుడు ఎప్పటిలాగే చెయ్యెత్తి రాయికి ఒక సలాం పెట్టాను. లెక్కలో మాత్రం వేసుకోలేదు.